‘వలక’ వ్రాసిన బాలుడు



స్నాతకోత్సవ వేదిక నెక్కినవారు తమ విజయములను చెప్పుకొనుట వాడుక. నేను మాత్రము, మీ పట్టాలపై సిరా తడి యారకముందే, నా యపరాధ మొకటి ఉపాధ్యాయులగు మీ యెదుట ఒప్పుకొనదలచితిని. నలుబది యేండ్ల క్రిందట నేనొక పల్లెబడిలో క్రొత్తగా కొలువున చేరితిని. అచ్చట వెనుక బల్లపై కూర్చుండు ఐదవ తరగతి బాలుడొకడు, వడ్డీలెక్కలను నాకంటె ముందుగా నోటితో తేల్చి, బుఱ్ఱకథలో విన్న బొబ్బిలి యుద్ధమును విన్నది విన్నట్లు అప్పగించి, వాచకము చేతికిచ్చినంతనే చెమటలు పట్టి మూగవోయెడివాడు. ‘పలక’ యన్నచో ‘వలక’ యనియు, ‘మడి’ యన్నచో ‘వడి’ యనియు వ్రాసెడివాడు. నేనతనిని శుంఠ యంటిని; గోడకుర్చీ వేయించితిని. మరుసటి యేడు అతడు బడికి రాలేదు.

ఆ తప్పులలో ఒక క్రమము కలదని నాకప్పుడు తోచలేదు. మన లిపిలో ప, వ, మ తోబుట్టువులు. తలకట్టు అంటెనా విడెనా, ప్రక్కన కొమ్ము లేచెనా లేదా యనునంతటి భేదమే వానికి వేరు వేరు పేర్లు పెట్టుచున్నది. ‘వు’, ‘మ’ల సంగతి చెప్పనే అక్కరలేదు, పెద్దలమైన మనమే ఒక్కొక్కప్పుడు తడబడుదుము.

1896లో ఇంగ్లండునందు ప్రింగిల్ మోర్గన్ అను వైద్యుడు, తెలివిలో ఎవరికిని తీసిపోక, చదువుట మాత్రమే చేతకాని పదునాలుగేండ్ల బాలుని గూర్చి బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వ్రాసెను; చదువంతయు నోటిమాటగా సాగినచో బడికెల్ల వాడే మేటి యని అతని గురువు పలికెనట. నాకు తొంబదియేండ్ల ముందటి ఆ గురువు చూచినదానిని నేను చూడలేకపోతిని.

డిస్లెక్సియా యనబడు ఈ స్థితి సోమరితనము కాదు, కంటిజబ్బును కాదు. ధ్వనిని అక్షరముతో ముడివేయుటలో మెదడు పడు ప్రయాస. తరచుగా వంశమున వచ్చునది. ధ్వనిని పలికించుచు, అక్షరమును వ్రేలితో దిద్దించుచు, ఒక్కొక్క మెట్టుగా నేర్పినచో వీరు చదువగలరు. అక్షరాభ్యాసమునాడు పళ్లెములోని బియ్యములో మనము చేయించునది ఇంచుమించు ఇదియే కదా! ఒక్కనాటి వేడుకతో సరిపెట్టి, బియ్యమును వంటింటికి పంపుచున్నాము.

1995 నాటి వికలాంగుల చట్టము ఈ పిల్లలను గుర్తింపలేదు. 2016 నాటి చట్టము 21 వైకల్యములలో ఈ స్థితిని చేర్చి, వీలైనంత త్వరగా కనిపెట్టి తగిన బోధన నందింపవలెనని విద్యాసంస్థలపై భారముంచినది. తల్లిదండ్రులు నిపుణుని యొద్దకు పోవుటకు తొలిమాట చెప్పవలసినది మాత్రము తరగతిలోని మీరే.

కావున, మీ బడిలో మొదటి సోమవారమున ఎఱ్ఱసిరా కలమును కొంతసేపు జేబులోనే యుంచి, వెనుక బల్లమీది బాలుని ప్రక్కన కూర్చుండబెట్టుకొని, నిన్నటి కథను నోటితో చెప్పుమని యడుగుడు.