అమ్మకు నలభై అయిదు దాటితే

(సంఘ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



మన వార్షిక సభల్లో పిల్లల చదువుల గురించి, స్కాలర్‌షిప్పుల గురించి, పెండ్లి ఖర్చులు తగ్గించుకోవడం గురించి ఏటేటా మాట్లాడుకుంటూనే ఉన్నాము. ఈసారి మేము ఎన్నుకున్న విషయం విని కొందరు పెద్దలు "ఇది సభలో మాట్లాడే సంగతేనా?" అనుకోవచ్చు. మన ఇండ్లలో తల్లికి నలభై, నలభై అయిదు ఏండ్లు వచ్చేసరికి ఆమె ఒంట్లోను, మనసులోను, ఇంట్లో ఆమె స్థానంలోను వచ్చే మార్పుల గురించి నాలుగు మాటలు చెప్పదలిచాము. ఇది సభలో మాట్లాడము, ఇంట్లోనూ మాట్లాడము. చివరకు ఆసుపత్రిలో ఆపరేషన్ కాగితం మీద వేలిముద్ర వేసే రోజున మాట్లాడవలసి వస్తున్నది. అంతదాకా రానీయకూడదనే ఈ విషయం ఎత్తుకున్నాము.

మన వైపు నడి వయసు తొందరగా వస్తుంది. పద్దెనిమిది, ఇరవై ఏండ్లకు పెండ్లి. ఇరవై అయిదు లోపల ఇద్దరో ముగ్గురో పిల్లలు. నలభై వచ్చేసరికి కూతురి కాన్పు. నలభైకే దాదీ, నానీ, జేజి అనిపించుకున్న తల్లులు ఈ సభలోనే ఎందరో ఉన్నారు. ఆ పిలుపు వచ్చినప్పటినుంచి ఇంట్లో అందరూ ఆమెను ముసలామెగానే చూస్తారు. పని మాత్రం పడుచుపిల్ల మాదిరే చేయించుకుంటారు.

పైగా మనది కరువు నేల. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడే సీమ. అదీ పడవలసిన రోజుల్లో పడదు. వాన నమ్ముకొని వేసిన శెనక్కాయ ఎండిపోతే మగవాళ్ళు బెంగుళూరుకో, కేరళకో, గల్ఫ్‌కో పోతారు. 2022 ఏప్రిల్‌లో మన జిల్లా రెండయింది. హిందూపురం, కదిరి, ధర్మవరం, పెనుకొండ శ్రీ సత్యసాయి జిల్లాలోకి పోయినాయి. జిల్లాలు రెండయినా కరువు ఒక్కటే. ఆ కరువులో ఇల్లు నిలబెట్టేది ఎవరని అడిగితే తల్లి పేరే చెప్పాలి. కుట్టుమిషన్ తొక్కేది ఆమె, కాయలు వలిచే కూలికి పోయేది ఆమె, కుళాయి వచ్చే వేళకు బిందె పట్టుకొని నిలబడేది ఆమె. అందుకే తనకు ఏదైనా బాధ వస్తే ఆమె నోట వచ్చే మొదటి మాట, "నాకేముందిలే."

ఆ "నాకేముందిలే" వెనక ఏముందో చూద్దాము.

నలభై దాటినాక ఆడవారి ఒంట్లో ముట్టును నడిపించే హార్మోనులు మెల్లమెల్లగా తగ్గుతాయి. నెల ఒకసారి ముందు వస్తుంది, ఒకసారి రెండు నెలలు రాదు. పన్నెండు నెలలు వరుసగా రాకపోతే ముట్లుడిగినట్టు లెక్క. పాశ్చాత్య దేశాల్లో ఇది సగటున 51 ఏండ్లకు జరిగితే, మన దేశంలో 46, 47కే జరుగుతున్నది. దానికి ముందు కొన్నేండ్లు, తరువాత కొన్నేండ్లు ఒంట్లోంచి ఉన్నట్టుండి సెగలు వస్తాయి, చెమటలు పోస్తాయి, రాత్రిళ్ళు నిద్ర పట్టదు, గుండె దడదడలాడుతుంది, కీళ్ళు నొస్తాయి, చిన్నమాటకే కోపమో ఏడుపో వస్తుంది. ఇవి అందరికీ ఒకే తీరుగా రావు. కొందరికి ఏమీ తెలియకుండానే గడిచిపోతుంది, కొందరికి నరకం కనిపిస్తుంది.

ఇక్కడ మన సీమకు ఒక చిక్కు ఉంది. ఏప్రిల్, మే నెలల్లో నలభై డిగ్రీలు దాటే ఎండలో అమ్మకు చెమట పడితే ఎవరు పట్టించుకుంటారు? "ఎండకు" అంటారు. మోకాళ్ళు నొస్తే "ఫ్లోరైడ్ నీళ్ళకు" అంటారు. ఆ మాటా అబద్ధం కాదు, మన బోరునీళ్ళలో చాలాచోట్ల ఫ్లోరైడ్ ఎక్కువే. నిద్ర పట్టకపోతే "కొడుకు దూరం పోయినాడు కదా, ఆ దిగులుకు" అంటారు. ఇట్లా ప్రతి బాధకూ బయట ఒక కారణం దొరికిపోతుంది. లోపలి కారణానికి మాత్రం మన ఇండ్లలో పేరే లేదు. పేరు లేని బాధకు మందు అడిగేదెట్లా?

ఒక ఇంట్లో జరిగే మాటలు వినండి. "అత్తా, ఫ్యాన్ అంత జోరుగా పెట్టినావు, పిల్లోనికి చలి చేస్తాంది" అంటుంది కోడలు. అత్త మాట్లాడకుండా ఫ్యాన్ తగ్గించి, చాప తీసుకొని మిద్దె పైకి పోతుంది. "మీయమ్మకు ఈమధ్య కోపం ఎక్కువైంది, నాతో పలుకనే పలుకదు" అని కోడలు మొగునితో చెప్తుంది. కొడుకు ఇద్దరి మధ్యలో నలుగుతాడు. ఆ ముగ్గురిలో తప్పు ఎవరిదీ లేదు. ఆ అత్త ఒంట్లో సెగలు పుడుతున్నాయన్న ఒక్క సంగతి తెలిసి ఉంటే ఆ ఇంట్లో ఆ జగడమే ఉండదు. కోడలే "అత్తా, నువ్వు కిటికీ దగ్గర పండుకో, పిల్లోన్ని నేను ఇటు వేసుకుంటా" అనేది.

కువైటులో ఇండ్లపనికి పోయిన తల్లుల సంగతి ఇంకా కష్టం. కదిరి, కడప, రాయచోటి వైపు నుంచి అట్లా పోయినవారు ఎందరో. నడి వయసులో, పరాయి ఇంట్లో, పరాయి భాషలో, ఈ మార్పు ఒంటరిగా అనుభవించాలి. ఫోన్లో పిల్లలు "ఎట్లున్నావమ్మా?" అంటే "బాగుండా నాయనా, డబ్బులు ముట్టినాయా?" అంటుంది. అంతే.

రంజాన్ మాసంలో ఇంకొక సంగతి గమనించండి. ముట్టు రోజుల్లో ఆడవారికి ఉపవాసం లేదు, ఆ రోజులు తరువాత పూర్తి చేసుకుంటారు. అటువంటి తల్లి ఒక ఏడు ముప్పై రోజులూ విడువకుండా ఉంటే, ఇంట్లో తెలిసినవారికి సంగతి తెలిసిపోతుంది. ఎవరూ పైకి అనరు. ఆమె మాత్రం లోలోపల సంతోషపడుతుంది, కొంచెం దిగులూ పడుతుంది. ఇక నెల ఎప్పుడు వస్తుందో, ఎన్నాళ్ళుంటుందో తెలియని ఏండ్లలో నమాజు చేయవచ్చునా, ఉపవాసం ఉండవచ్చునా అన్న సందేహాలతో సతమతమయ్యే తల్లులు ఉన్నారు. అడగడానికి సిగ్గు. ఈ సందేహాలకు మన ధర్మశాస్త్రంలో ఎన్నడో జవాబులు వ్రాసి పెట్టినారు. చదువుకున్న ఆడపిల్లలు తెలుసుకొని తమ తల్లులకు చెప్పాలి.

ఇప్పుడు అసలు భయపడవలసిన విషయానికి వస్తాము.

నెల సరిగా రాకపోవడం, తెల్లబట్ట, నడుము నొప్పి వంటివి మొదలైనప్పుడు తల్లి రెండు మూడేండ్లు దాచుకుంటుంది. ఇక ఓర్చుకోలేక పోయినప్పుడు ఎవరో ఒకరు "గర్భసంచి తీసేస్తే పీడ పోతుంది, పిల్లలు పుట్టేశారు కదా, ఇంకెందుకది?" అంటారు. మాకు తెలిసిన ఒక తల్లి కుట్టుపని చేసి పిల్లలను చదివించింది. ముప్పై ఎనిమిదేండ్లకు తెల్లబట్ట అని ఒక ఆసుపత్రికి పోతే, తీయకపోతే క్యాన్సర్ వస్తుందని చెప్పినారు. ఆ ఒక్క మాటకు ఇల్లంతా వణికిపోయింది. కమ్మలు కుదువ పెట్టి, నూటికి రెండు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చి ఆపరేషన్ చేయించినారు. మరొక డాక్టరును అడుగుదామని ఎవరికీ తోచలేదు. ఆ తరువాత ఆమెకు సెగలు, నడుము నొప్పి, నీరసం. మిషన్ తొక్కలేకపోయింది. అప్పు తీర్చవలసిన చేతులే పడిపోయినాయి.

ఇది ఒక ఇంటి కథ కాదు. 2015-16లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏండ్ల ఆడవారిలో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తం మీద నూటికి సుమారు ముగ్గురు. మన ఆంధ్రప్రదేశ్‌లో నూటికి దాదాపు తొమ్మిది మంది. అప్పట్లో దేశంలో అన్నిటికన్నా ఎక్కువ మన రాష్ట్రంలోనే. మన ఆడవారి ఒళ్ళు ఇతర రాష్ట్రాల ఆడవారి ఒళ్ళకన్నా మూడింతలు చెడిపోయిందా? లేదు కదా.

2007 ఏప్రిల్‌లో ఆరోగ్యశ్రీ పథకం మొదలైనప్పుడు మొదటి మూడు జిల్లాల్లో మన అనంతపురం ఒకటి. ఆ పథకం బీదవారికి చేసిన మేలు మేము మరువలేదు. గుండె ఆపరేషన్లు చేయించుకొని బ్రతికినవారు మన మధ్యనే ఉన్నారు. అయితే ఖర్చు లేదు కదా అని అక్కరలేని ఆపరేషన్‌కు ఒప్పుకోవడం మేలు కాదు. అక్కరలేకుండా గర్భసంచులు తీస్తున్నారన్న వ్యాజ్యంలో 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు అన్ని రాష్ట్రాలూ కేంద్ర ఆరోగ్య శాఖ మార్గదర్శకాలను మూడు నెలల్లో అమలులో పెట్టాలని ఆదేశించింది. అంతదాకా పోయిన విషయం ఇది.

గర్భసంచి తీయడం ఎప్పుడూ తప్పని మేము అనడం లేదు. క్యాన్సర్ ఉంటే తీయాలి, పెద్ద గడ్డలు, మందులకు లొంగని రక్తస్రావం ఉంటే తీయవలసి రావచ్చు. కానీ తెల్లబట్టకు, నెలలో కొంచెం ఎక్కువ తక్కువలకు ముందు మాత్రలు, ఇతర చికిత్సలు ఉన్నాయి. అండాశయాలు కూడా తీసేస్తే పదేండ్లలో మెల్లగా రావలసిన మార్పు ఒక్కరోజులో వచ్చి పడుతుంది. ఎముకలు తొందరగా గుల్లబారుతాయి. కనుక ఆపరేషన్ అని ఎవరు చెప్పినా, ప్రాణాపాయం లేనప్పుడు, రెండో డాక్టరును అడగండి. మన పెద్దాసుపత్రికి పోయి అడిగినా సరే. "ఏమి తీస్తారు, ఎందుకు తీస్తారు, తీయకపోతే వేరే దారి ఏముంది?" అని మూడు ప్రశ్నలు అడగండి. అడగడం అమర్యాద కాదు.

దీనికి రెండో వైపు కూడా చెప్పాలి. ముట్లుడిగి ఏడాది దాటినాక ఒక్క చుక్క రక్తం కనిపించినా "మళ్ళీ నెల వచ్చింది" అని ఊరకుండకూడదు. వెంటనే చూపించుకోవాలి. నలభై లోపలే నెల నిలిచిపోయినా చూపించుకోవాలి. నెల మరీ ఎక్కువగా పోతుంటే రక్తం ఎంత ఉందో పరీక్ష చేయించాలి. మన రాష్ట్రంలో సగానికి పైగా ఆడవారికి రక్తహీనత ఉన్నట్టు 2019-21 సర్వే చెప్పింది. థైరాయిడ్, షుగర్, బి.పి. కూడా ఆ వయసులోనే తలెత్తుతాయి. బాధ తీసేదే కావాలని అక్కరలేని ఆపరేషన్‌కు పరుగెత్తడం ఒక తప్పు, అవసరమైన పరీక్షకు పోకుండా దాచుకోవడం ఇంకొక తప్పు.

తిండి విషయంలో మన సీమ మనకు మేలే చేసింది. వంద గ్రాముల రాగుల్లో 340 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంది. ముట్లుడిగిన ఆడవారికి రోజుకు 1200 మిల్లీగ్రాములు కావాలని భారత వైద్య పరిశోధన మండలి 2020లో చెప్పింది. రాగి సంగటి, మునగాకు, పాలు, పెరుగు వదలకండి. అయితే అమ్మ అందరికీ వడ్డించి చివరకు చారుమెతుకులతో సరిపెట్టుకుంటే ఈ లెక్కలన్నీ కాగితం మీదనే ఉంటాయి. రోజూ పొద్దున కొంతసేపు మిద్దె మీద ఎండలో నిలబడితే ఎముకలకు బలం. ఇంట్లోనే మసలే మన ఆడవారికి ఇది ఇంకా అవసరం.

మనసు సంగతి కూడా చెప్పి ముగిస్తాము. కూతురు అత్తగారింటికి పోయింది. కొడుకు బెంగుళూరులో ఉన్నాడు. వంటింటి పెత్తనం కోడలి చేతికి వచ్చింది. ఇరవై అయిదేండ్లు "అమ్మా, అమ్మా" అని పిలిచిన ఇల్లు ఒక్కసారిగా నిశ్శబ్దమైంది. సరిగ్గా ఆ ఏండ్లలోనే ఒంటి మార్పూ వస్తుంది. ఆ తల్లి ఊరకనే కండ్ల నీళ్ళు పెట్టుకుంటే "దయ్యం పట్టింది" అని తాయెత్తులకు పరుగెత్తవద్దు. పక్కన కూర్చోండి. అదే వయసులో పొదుపు సంఘానికి లీడర్ అయిన తల్లులూ, మనవరాలి పలక పట్టుకొని అక్షరాలు దిద్దుకున్న తల్లులూ మనలోనే ఉన్నారు. నెల బాధ వదిలినాక ఒళ్ళు తేలికైందనీ, ఇప్పుడు తన కోసం కొంచెం బ్రతుకుతున్నాననీ చెప్పిన తల్లులను మేము చూశాము. ఆమెకు ముందు ఇంకా ముప్పై ఏండ్ల జీవితం ఉంది.

మన సంఘానికి మా మనవి మూడే. ఏడాదికొకసారి లేడీ డాక్టరును పిలిపించి తల్లులకు పరీక్షలు చేయించాలి. ఆపరేషన్ అని వచ్చిన ఏ కుటుంబానికైనా రెండో డాక్టరు దగ్గరకు పోవడానికి తోడు, దారిఖర్చు సంఘం ఇవ్వాలి. మూడోది డబ్బులు అక్కరలేనిది. ఈ సభనుంచి ఇంటికి పోయిన ప్రతి కొడుకూ, ప్రతి భర్తా ఈ రాత్రి ఒక్క మాట అడగాలి: "నీ ఒంట్లో ఎట్లుంది?" "నాకేముందిలే" అంటే లేచి పోవద్దు. ఇంకొకసారి అడగండి. రెండోసారికి చెప్తుంది.

తల్లి గొప్పతనం గురించి వేదికల మీద మనం చెప్పే మాటలకు కొదవ లేదు. ఆమె మాట వినే ఓపిక కూడా మనకు కలగాలని కోరుకుంటున్నాము.