అరెస్టు మెమోపై సాక్షి సంతకము
(పంచాయతీ సభ్యుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠము)



శ్రీకాకుళము, విజయనగరము జిల్లాల నుండి అనేక కుటుంబములు కూలిపనులకై దూరనగరములకు వలస పోవుచుండుట మీ రెరిగినదే. బిడ్డలు తాతల యొద్ద, మామ్మల యొద్ద పెరుగుచుందురు. ఇట్టి ఊరిలో ఒక తల్లి తన బిడ్డను వదలివేసినదని పోలీసులు వచ్చిరనుకొందము. అప్పుడు పంచాయతీ సభ్యుడు చేయవలసిన దేమి?

మొదట చట్ట మెరుగవలెను. సంరక్షణలోనున్న బిడ్డను హింసించుట, విడిచిపెట్టుట, బుద్ధిపూర్వకముగా ఉపేక్షించుట 2015వ సంవత్సరపు బాలల న్యాయ చట్టము 75వ సెక్షను ప్రకారము నేరము. దీనికి మూడేండ్ల వరకు జైలు, లేదా లక్ష రూపాయల జరిమానా, లేదా రెండును విధింపవచ్చును. అయితే తమ చేతిలో లేని పరిస్థితులవలన కన్నవారు బిడ్డను విడిచినచో, అది బుద్ధిపూర్వకము కాదని భావింపవలెనని ఆ సెక్షనే చెప్పుచున్నది. పేదరికము నేరము కాదు. బిడ్డను పెంచలేనివారు బాలల సంక్షేమ కమిటీకి అప్పగింపవచ్చును. మనసు మార్చుకొనుటకు రెండు నెలల గడువు కలదు. కాని పన్నెండేండ్ల లోపు బిడ్డను శాశ్వతముగా వదలు ఉద్దేశముతో ఎక్కడనో విడిచి పోయినచో, భారతీయ న్యాయ సంహిత 93వ సెక్షను క్రింద ఏడేండ్ల వరకు శిక్ష కలదు.

ఇక అరెస్టు సంగతి. ఏడేండ్ల వరకు శిక్షగల నేరములలో అరెస్టు అవసరమైన కారణములను పోలీసులు వ్రాసియుంచవలెను. అవసరము లేనిచో హాజరు నోటీసు నిత్తురు. దానిని తప్పక పాటింపవలెను. అరెస్టు చేసినచో కారణము చెప్పవలెను, బంధువులకు తెలుపవలెను, ప్రయాణకాలము మినహా ఇరువదినాలుగు గంటలలో మేజిస్ట్రేటు నెదుట నిలుపవలెను. ప్రత్యేక పరిస్థితులలో, మేజిస్ట్రేటు ముందస్తు అనుమతితో తప్ప, స్త్రీని సూర్యాస్తమయము తరువాత, సూర్యోదయమునకు ముందు అరెస్టు చేయరాదు.

అరెస్టు మెమోపై కుటుంబసభ్యుడో, ఆ ప్రాంతపు గౌరవనీయుడో సాక్షిగా సంతకము చేయవలెను. ఊరిలో ఆ పిలుపు తరచు మీకే వచ్చును. ఆ సంతకమును తేలికగా తలపకుడు. తేదీ, గంట సరిగా వ్రాయబడినవో లేదో చదివి చూడుడు. ఇరువదినాలుగు గంటల లెక్క అక్కడనుండియే మొదలగును. ఖాళీ కాగితముపై, కంట చూడని సంగతిపై సంతకము చేయకుడు.

స్త్రీలకును, నిర్బంధములో నున్నవారికిని ఉచిత న్యాయసహాయము హక్కు. 15100 నంబరుకు ఫోను చేయించుడు, లేదా జిల్లా న్యాయసేవాధికార సంస్థకు తెలుపుడు.

తల్లి స్టేషనుకు పోయిన పూట బిడ్డకు అన్న మెవరు పెట్టుదురో కూడ మీరే చూడవలెను. 1098కి ఫోను చేసి తెలుపుడు. బిడ్డ పేరు, ఫోటో ఎవరికిని ఇయ్యకుడు. రచ్చబండపై రాజీ చేసి నేరమును కప్పుటయు తగదు, తీర్పు రాకముందే తల్లిని వెలివేయుటయు తగదు. బిడ్డకు రక్షణ, తల్లికి న్యాయము — ఈ రెండును మీ చేతిమీదుగా జరుగవలెను.