పెద్దమనిషైన వయసు రాసిపెట్టుకుందాం
(సమాఖ్య వార్షిక సర్వసభ్య సమావేశంలో ఆరోగ్య ఉపసంఘం తరఫున చేసిన ప్రసంగం)



మన తోట్లవల్లూరు పల్లెల్లో ఆడపిల్ల పెద్దమనిషైతే చాప వేసి కూర్చోబెడతాం, చిమ్మిలి పెడతాం, చుట్టాల్ని పిలుస్తాం. ఫంక్షన్ ఫోటోలు దాచుకుంటాం గానీ, పిల్లకి అప్పుడు ఎన్నేళ్లో రాసుకోం. సంఘాల్లో అడిగితే మనలోనే చాలామంది తడుముకున్నారు.

ఎక్కువమందికి 11 నుంచి 14 ఏళ్ల మధ్య మొదలవుతుంది. పదేళ్లు నిండకుండానే వచ్చినా, 15 నిండినా రాకపోయినా డాక్టరుకి చూపించాలి. త్వరగా మొదలైన పిల్లల్లో నెలసరి నొప్పి కాస్త ఎక్కువని, పెద్దయ్యాక షుగరు, రొమ్ము క్యాన్సరు ముప్పు కొంచెం పెరుగుతుందని పరిశోధనలు చెబుతున్నాయి. అలాగని భయపడక్కర్లేదు, ముందే జాగ్రత్తపడొచ్చు. మొదటి రెండేళ్లు నెలలు అటూ ఇటూ అవడం మామూలే. కానీ మూడు నెలలు రాకపోయినా, వారం దాటి పోతున్నా, గంటకో ప్యాడ్ తడుస్తున్నా ఊరుకోకూడదు.

మనం చేసే తప్పు ఇక్కడే. "ఆడపుట్టుక, తప్పదు" అని నొప్పి ఓర్చుకుని పసుపు చేలోకి, అరటి తోటలోకి పోతాం. రక్తం తగ్గిపోతుంది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన రాష్ట్రంలో 15–49 ఏళ్ల ఆడవాళ్లలో వందకి 59 మందికి రక్తహీనత ఉంది. ఏళ్ల తరబడి ఓర్చుకుని, చివరికి గర్భసంచి తీయించుకుంటున్నాం. అదే సర్వేలో దేశం మొత్తం మీద వందకి ముగ్గురైతే, మన రాష్ట్రంలో దాదాపు తొమ్మిది మంది. మా ఉపసంఘంలోనూ ముప్పై అయిదు దాటకుండానే తీయించుకున్నవాళ్లం ఉన్నాం. మందులతో తగ్గుతుందేమో అని అడగాలని కూడా మాకు తెలియలేదు. అండాశయాలు కూడా తీసేస్తే ఎముకలు గుల్లబారతాయని, గుండెకీ ముప్పని తర్వాత తెలిసింది.

అందుకే మీ అందరినీ మూడు పనులు అడుగుతున్నాం. ఒకటి, పిల్ల పెద్దమనిషైన తేదీ, ఆ తర్వాత ప్రతి నెలసరి తేదీ క్యాలెండరు మీద గుర్తుపెట్టండి. రెండు, బడిలో వారం వారం ఇచ్చే ఐరన్ మాత్ర పిల్ల మింగుతోందో లేదో కనుక్కోండి. మూడు, ఎవరైనా గర్భసంచి తీయాలంటే, ప్రాణం మీదికి వస్తే తప్ప, రెండో డాక్టరుని అడగకుండా సంతకం పెట్టకండి. తోడు కావాలంటే సంఘంలో చెప్పండి, మేం వస్తాం.

పొదుపు పుస్తకంలో ప్రతి రూపాయీ రాసుకునే మనం, పిల్ల ఒంటి లెక్క కూడా రాద్దాం.

సెలవు.