ముందు వంతు ఎవరిది?



మా జువ్వలదిన్నెలో చేపలరేవునకు 2020 నవంబరు 21వ తేదీని శంకుస్థాపన జరిగినది. నాటినుండి రచ్చబండయొద్ద నేను వినుచున్న ప్రశ్న యొకటి: "పంతులుగారూ, మన యొడ్డున కట్టిన రేవులో మన పడవలకు ముందు తావు దొరకవలదా?"

దొరకవలెను. తుపాను వచ్చిన మొదట తడియునది తీరవాసి యిల్లే. తీరము చెడిన మొదట పస్తుండునది వాని బిడ్డలే. కాని ముందు వంతు వేఱు, మొత్తము వంతు వేఱు.

అమెరికాలోని కనెక్టికట్ రాష్ట్రమున గ్రీనిచ్ అను పట్టణమువారు సముద్రతీరమందలి తమ ఉద్యానమునకు పొరుగూరివారిని రానీయకుండిరి. 2001లో ఆ రాష్ట్ర సర్వోన్నత న్యాయస్థానము ఆ నిషేధమును కొట్టివైచినది. పిమ్మట పొరుగువారికి రుసుముమీద ప్రవేశమబ్బెను.

మనకు సమీపమున, తిరుమల దేవస్థానమువారు 2024 డిసెంబరు 3 మొదలుకొని, నెలలో మొదటి మంగళవారమున స్థానికులకు కొన్ని దర్శనపు టోకెన్లు వేఱుగా కేటాయించిరి. ఊరివారి హక్కునకు కొలత యేర్పడుటచే దూరపు యాత్రికునికి ద్వారము మూయబడలేదు.

ఇక స్థానికుడనగా నెవ్వడు? మన రాజ్యాంగమందలి 15వ అధికరణము, బావులు, చెరువులు, స్నానఘట్టములు మున్నగు ప్రజాస్థలములలో మతము, కులము, జన్మస్థలము వంటి కారణములచేతనే యెవ్వరిని అడ్డగింపరాదని శాసించుచున్నది. పుట్టుక వేఱు, నివాసము వేఱు అని సుప్రీంకోర్టు 1955లోనే యొక వ్యాజ్యెమున తీర్పు చెప్పినది. కావున తాతల పేరు అడుగరాదు. కాపురమెక్కడ అని మాత్రమే అడుగవలెను. ఇరువదియేండ్లుగా మన వలలు లాగుచున్న వలసకూలియు మనవాడే. వానికి కాగితము లేకున్న, ఆ కాగితమిప్పించుట పెద్దలమైన మన పని.

నా మనవి మూడు మాటలు. ఊరి చిన్న పడవలకు రేవులో కొంత తావు నిర్ణయింపవలెను. ఆ తావు పట్టికలో వ్రాసి అందఱికి కనబడునట్లు కట్టవలెను. నియమితవేళకు మన పడవ రానిచో ఆ తావు పరులకు వదలవలెను.

గాలివాన నాడు మాత్రము వంతులే లేవు. ఏ యూరి పడవయైనను ముందు వచ్చినదే ముందు ఒడ్డు చేరవలెను. నిజాంపట్టణమునకో మచిలీపట్టణమునకో కొట్టుకొనిపోయిన నాడు మన బిడ్డలే పరులు. ఆనాడు వారికి ఎట్టి యాదరణ కోరుదుమో, నేడు మనము అట్టిదే చూపవలెను.

సెలవు.