ఇప్పచెట్టు కింద ఇరుగుపొరుగు

పదవీ విరమణ తరువాతి స్నేహాల గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. నాకు చెప్పుకోదగ్గ స్నేహం ఒకటే. అది మేడారం అడవిలో దొరికింది.

2018లో సమ్మక్క-సారలమ్మ జాతర జనవరి 31న, మాఘ పౌర్ణమి నాడు మొదలైంది. మన ఆర్మూరులో అది పసుపు తవ్వి ఉడకబెట్టే కాలం. కళ్లం విడిచి రాలేమని తమ్ముళ్లు అన్నారు. నేనూ నా భార్యా బస్సెక్కాం. జంపన్న వాగుకు ఎడంగా ఒక ఇప్పచెట్టు కింద టార్పాలిన్ కట్టుకున్నాం. చెట్టుకు అవతలి పక్క సిరొంచ వైపు నుంచి ఒక రైతు కుటుంబం దిగింది. వాళ్లది మహారాష్ట్రే అయినా ఇంట్లో మాట తెలుగే.

మన అలవాటు మీకు తెలుసు. కొత్త మనిషి కనబడితే ఏ శాఖ, ఏ పోస్టు, రిటైర్మెంటు ఎప్పుడు అంటాం. అక్కడ ఇవేవీ పనికిరాలేదు.

ఆ సాయంత్రం చంద్రగ్రహణం. విడిచేదాకా పొయ్యి ముట్టించవద్దని నా భార్య పట్టు. పక్క డేరాలో పిల్లలు తింటున్నారు. "గ్రహణంలో తింటారా?" అన్నాను, ఆలస్యంగా వచ్చిన అటెండరును అడిగినట్టు. ఆయన నవ్వి, "సారలమ్మ గద్దెకొచ్చే పూట పిల్లల్ని పస్తులుంచుతమా సారూ" అన్నాడు. గ్రహణం విడిచాక మా పొయ్యి ఎంతకీ రాజుకోలేదు. ఆయన భార్య తన పొయ్యిలో నుంచి నిప్పు తెచ్చి పెట్టింది. మా ఆవిడ ఇంటి పసుపు ఒక పొట్లం కట్టి ఇచ్చింది. "పసుపు ఆర్మూరా మీది!" అని ఆమె మురిసిపోయింది.

మరునాడు చిలకలగుట్ట నుంచి సమ్మక్క వస్తుంటే ఆడవాళ్లిద్దరూ చూడబోయారు. చీకటి పడింది, అర్ధరాత్రి దాటింది, రాలేదు. ఫోను కలవదు. మైకులో తప్పిపోయినవాళ్ల పేర్లు వినబడుతూనే ఉన్నాయి. నేను లేచి వెతకబోతే ఆయన చెయ్యి పట్టి కూర్చోబెట్టాడు. "నువ్వు గూడ తప్పిపోతవు. ఇద్దరు కలిసే ఉన్నరన్నా." సారు పోయి అన్న అయ్యానని అప్పుడు గమనించలేదు. తెల్లవారుజామున వచ్చారు. రెండు కొంగులూ కలిపి ముడివేసి ఉన్నాయి. జనంలో విడిపోతామని ఆమే వేసిందట. ముడి బిగిసిపోయి, విప్పడానికి మా నలుగురికీ చాలాసేపు పట్టింది.

చిరునామా రాసుకోలేదు. నలభై ఏళ్లు ఇన్‌వార్డు రిజిస్టరు రాసినవాడిని! "ఇదే చెట్టు కిందికి రారాదు" అన్నాడాయన. 2020లో వెళితే అక్కడే ఉన్నారు. 2021లో కరోనా నా భార్యను తీసుకుపోయింది. 2022లో నేను పోలేదు.

2024 ఫిబ్రవరిలో మా అబ్బాయి తీసుకుపోయాడు. చెట్టు కింద టార్పాలిన్ కట్టి ఉంది. ఆమె నన్ను చూసి నా వెనక చూసింది. "అక్క ఏదీ?" అంది. నేను సంచిలో నుంచి పసుపు పొట్లం తీసి ఇచ్చాను. ఆమె ఏమీ అడగలేదు. పొట్లం కొంగున ముడివేసుకుని, మా వాడికి అన్నం పెట్టడానికి లేచింది.