లోపలివైపు కుట్టు

నేను ఎనిమిదో తరగతితో బడి మానేసి మగ్గం గుంటలో దిగినవాణ్ణి. ఇప్పుడు సేలం వైపు ఒక చేనేత సొసైటీకి సెక్రటరీగా ఉన్నాను. నాకు కుట్టు పని రాదు. అయినా ఈరోజు కుట్టు గురించే మాట్లాడతాను. ఎందుకో చెబుతాను.

కొన్నేళ్ల కింద మా సొసైటీ బట్టతో కుర్తాలు కుట్టించి ఒక షాపుకు ఇచ్చాము. రెండు నెలలకే కొన్ని వాపసు వచ్చాయి. చంక కింద, పక్కన కుట్టు దగ్గర పోగులు జారి బట్ట నోరు తెరిచింది. "మీ నేత వదులు" అన్నారు షాపువాళ్లు. నేను నమ్మేశాను. నేసిన పెద్దాయన నాకు మామ వరస. ఆయన కూలిలోంచి డబ్బు పట్టుకున్నాను. ఆయన ఒక్క మాట అనలేదు.

తరువాత మా ఇంట్లో కోడలు ఆ కుర్తా తిప్పి చూసి, "మామయ్యా, బట్ట బాగుంది, లోపల చూడండి" అంది. చూస్తే కుట్టుకు బయట వదిలింది రెండు నూళ్లు. అంగుళానికి ఎనిమిది నూళ్లు అని మీకు తెలుసుగదా, అంటే పావు అంగుళం. దాని మీద ఓవర్‌లాక్ కొట్టారు, ఆ మెషిను కత్తి ఇంకొంచెం కోసేసింది. ఇక పోగు పట్టుకోడానికి ఏముంది?

మనకు తెలిసిన సంగతే ఇది. మగ్గం మీద అంచు దగ్గర పేక పోగు తిరిగి వెనక్కి వస్తుంది, అందుకే అంచు చెదరదు. కత్తెర పడినచోట ఆ తిరుగుడు లేదు. మిల్లు గుడ్డకు యంత్రం కింద బిగువు చేస్తారు, మన గుడ్డ మెత్తన. ఉతికితే పోగు జారుతుంది. నేసేవాడికి ఇంత తెలిసీ నేను అడగలేదు, అది నా తప్పు.

ఇప్పుడు మా దగ్గర పక్క కుట్టుకు ఐదు నూళ్లు వదిలి కత్తిరిస్తారు. ముందు బట్ట ఒక రాత్రి నానబెట్టి ఆరబెడతారు, కుంగేది అప్పుడే కుంగిపోవాలి. లోపలివైపులు రెండూ ఒకదానికొకటి ఆనేటట్టు పెట్టి మూడు నూళ్ల మీద కుట్టు. మిగిలినదాన్ని ఒక నూలు దాకా కత్తిరించి, తిప్పి, ఇస్త్రీ పెట్టి, ఇప్పుడు మంచివైపులు కలిపి రెండు నూళ్ల మీద ఇంకో కుట్టు. కత్తిరించిన కొస సంచిలో పెట్టినట్టు లోపలే ఉండిపోతుంది. దీన్నే ఫ్రెంచి కుట్టు అంటారు. మా ఆడవాళ్లు మాత్రం సంచికుట్టు అంటారు, నాకు ఆ పేరే నచ్చింది. ఇస్త్రీ మానేస్తే మాత్రం కుట్టు వంకర పోతుంది, బద్ధకించవద్దు. సన్న గుడ్డకు పదకొండో నంబరు సూది చాలు.

చంక గుండ్రం దగ్గర సంచికుట్టు సరిగా కూర్చోదు, గుత్తి కడుతుంది. అక్కడ అదే గుడ్డ క్రాసుగా కత్తిరించిన పట్టీ చుట్టి కుట్టాలి. క్రాసు ముక్క సాగుతుంది కాబట్టి గుండ్రానికి ఒదుగుతుంది. వీలుంటే పక్కకుట్టుకు అంచునే వాడండి. అంచు ఉన్నచోట కొసకు వేరే కుట్టు అక్కరలేదు, మామూలు కుట్టు వేసి విడదీసి ఇస్త్రీ చేస్తే చాలు. అది మన మగ్గం ఉచితంగా ఇచ్చేది, చాలామంది కత్తిరించి పారేస్తున్నారు. కడుపు మండుతుంది.

దీనికి టైము ఇంచుమించు రెండింతలు పడుతుంది. అందుకని కుట్టేవాళ్లకు కూలి పెంచమని కమిటీలో అడిగితే ఒకాయన "లోపల ఎవరు చూస్తారు?" అన్నాడు. వాపసు వచ్చిన కుర్తా తెచ్చి బల్ల మీద పరిచాను. కూలి పెంచాము.

మామ డబ్బు తిరిగి ఇచ్చాను. తీసుకున్నాడు. "బట్టను ముందే తిప్పి చూడవలసిందిరా" అన్నాడు అంతే. కాని ఆయన కొడుకు అప్పటికే మగ్గం వదిలి తిరుప్పూరు కంపెనీకి వెళ్లిపోయాడు.

ఆ పాత కుర్తా, ఈ మధ్య కుట్టించింది ఒకటి, రెండూ బయట బల్ల మీద లోపలివైపు పైకి తిప్పి పెట్టించాను. భోజనానికి వెళ్లేటప్పుడు చేత్తో పట్టి లాగి చూడండి.