శాంతినికేతనమందలి సప్తపర్ణి



వంగదేశమున బోల్‌పూరు చెంతనున్న శాంతినికేతనమనగానే ఎల్లరకును రవీంద్రకవి స్మృతికి వచ్చును. కాని ఆ విద్యానగరమునకు మూలపురుషులు రెండు వృక్షములు.

1863వ సంవత్సరమున రవీంద్రుని తండ్రి మహర్షి దేవేంద్రనాథ ఠాకూరు రాయపురపు భూస్వాముల వలన ఆ భూమిని సాలుకు 5 రూపాయల శిస్తుపై శాశ్వతపు కౌలుగా పొందెను. అది సస్యశ్యామలమైన నేల కాదు. వాననీరు కోసికోసి గండ్లు పెట్టిన ఎఱ్ఱకంకర బీడు. అట్టి నేలను అచ్చటివారు ఖోయాయి అందురు. ఆ బీటిలో నీడ నిచ్చినవి రెండు సప్తపర్ణి వృక్షములు. వాని క్రిందనే మహర్షి ధ్యానమునకు కూర్చుండెడివాడు. కౌలుపత్రమున నేలకు శిస్తు వ్రాయుదురు గాని నీడకు వ్రాయు అలవాటు లోకమున లేదు. ఆయన కోరినది మాత్రము ఆ నీడనే.

సప్తపర్ణిని తెలుగున ఏడాకులపాల అందురు. వంగీయులకది ఛాతిమ్. కణుపు కణుపునను ఏడేసి ఆకులు గొడుగువలె విచ్చుకొనుటచే ఆ పేరు వచ్చినది. అన్ని కణుపులును ఈ లెక్కకు కట్టుబడియుండవనుట వేఱు మాట. శరత్కాలమున పూచు దీని పూలతావి ఏనుగుల మదగంధమును పోలునని కాళిదాసు రఘువంశము నాలుగవ సర్గమున వర్ణించెను. దీని కొయ్య తేలిక. పూర్వము బడిపిల్లల వ్రాతపలకలకు వాడెడివారు. అందువలననే శాస్త్రజ్ఞులు దీని లాటిను నామమున విద్యార్థిసంబంధమైన ‘స్కొలారిస్’ అను పదమును చేర్చిరి. విద్యాలయమునకు ఇంతకంటె తగిన చెట్టు దొరకునా?

బీడు తోటయగుట మాటలతో కాలేదు. పైకంకర తీయించి, వెలుపలినుండి మన్ను తోలించి, మొక్కలు నాటించిరి. 1901లో రవీంద్రుడు కొలదిమంది పిల్లలతో పాఠశాల పెట్టగా ఆ చెట్ల నీడలే తరగతి గదులయ్యెను. మామిడితోపునకు ఆమ్రకుంజమనియు, సాలవృక్షముల బాటకు సాలవీథియనియు పేరులు నిలిచినవి. 1921లో విశ్వభారతి వెలసెను. పట్టభద్రులకు సప్తపర్ణి ఆకుల నిచ్చు సంప్రదాయ మేర్పడెను. ఖర్చులేని బిరుదమేగాని, దానికై ఆశపడనివారెవరు? మన బెజవాడ గోపాలరెడ్డిగారును అచ్చటనే చదివిరి.

1928లో రవీంద్రుడు వృక్షారోపణోత్సవమును ఆరంభించెను. మొక్కను అలంకరించిన పల్లకిలో ఉంచి, పాటలతో ఊరేగించి నాటుదురు. పెండ్లికూతునకు జరుగు మర్యాద యంతయు దానికి జరుగును. 1941లో, వంగీయుల లెక్కను శ్రావణము 22వ దినమున, కవి దివంగతుడయ్యెను. నాటినుండి ఆయన వర్ధంతినాడే ఈ ఉత్సవము జరుగుచున్నది. గురువు పోయిన దినమున అచ్చట మొక్క నాటుదురు.

మహర్షి చూచిన ఆ రెండు సప్తపర్ణులు నేడు లేవు. అవి కాలవశమున పోగా, అచ్చటనే మఱి రెండు ఏడాకులపాల మొక్కలు నాటిరి. 2023లో యునెస్కోవారు శాంతినికేతనమును ప్రపంచ వారసత్వ స్థలముగా గుర్తించునాటికి, మహర్షి కూర్చుండిన చోట నీడ నిచ్చుచున్నవి ఆ తరువాత నాటిన చెట్లే.